షాయ్‌బ్లె: 51 ఏళ్లు ఎంపీ, ఒక్క రోజూ చాన్సలర్ కాదు

పాతపేపర్:

మెర్ట్స్ జర్మనీ చాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) అయినప్పుడు మన దగ్గర నడిచిన థ్రెడ్‌లో ఒకరు "ఇంతకీ ఈయన్ని తయారు చేసిందెవరు?" అని అడిగి వదిలేశారు. జవాబు వోల్ఫ్‌గాంగ్ షాయ్‌బ్లె. అక్కడ చెప్పబోతే విషయం పక్కదారి పడుతుందని విడిగా మొదలుపెడుతున్నాను.

1942 సెప్టెంబరు 18న ఫ్రైబుర్గ్‌లో పుట్టాడు. పెరిగింది బ్లాక్ ఫారెస్ట్ కొండల్లోని హోర్న్‌బెర్గ్‌లో. తండ్రి పన్ను సలహాదారు, సంప్రదాయవాద పార్టీ సీడీయూ మనిషి. ఈయన లా, ఎకనామిక్స్ చదివి, 1971లో డాక్టరేట్ తీసుకుని, ఫ్రైబుర్గ్ పన్నుల ఆఫీసులో ఉద్యోగానికి చేరాడు. ఏడాది తిరిగేసరికి ఓఫెన్‌బుర్గ్ నుంచి బుండెస్టాగ్‌కి, అంటే పార్లమెంటుకి, గెలిచాడు. 1972 నవంబరు ఎన్నికలవి. దేశమంతా సోషల్ డెమోక్రాట్ చాన్సలర్ విలీ బ్రాంట్ గాలి, సీడీయూ ఓడింది. ఓడిన పార్టీలో గెలిచిన ముప్పై ఏళ్ల కుర్రాడన్నమాట. అక్కడి నుంచి 2023 డిసెంబరు 26న చనిపోయే దాకా అదే నియోజకవర్గం. 14 ఎన్నికలు, 14 గెలుపులు. జర్మనీ పార్లమెంటు చరిత్రలో ఇంతకాలం సభ్యుడిగా ఉన్నవాళ్లు ఇంకొకరు లేరు.

ఈ మధ్యలో చాన్సలర్ కార్యాలయ అధిపతి, రెండుసార్లు హోం మంత్రి, పార్లమెంటరీ పార్టీ నాయకుడు, పార్టీ అధ్యక్షుడు, ఆర్థిక మంత్రి, చివరికి స్పీకర్. చాన్సలర్ మాత్రం కాలేదు. దేశాధ్యక్షుడూ కాలేదు. నా లెక్కలో ఆయనకి దారి మూడుసార్లు మూసుకుపోయింది. ఒకసారి సొంత పార్టీ చాన్సలర్ కోల్ మూశాడు, ఒకసారి మెర్కెల్ మూసింది. మధ్యలోది ఆయన చేతులారా మూసుకున్నదే. ఆ మధ్యలోదాని మీద ఇక్కడ గొడవ అవుతుందని తెలుసు. కానివ్వండి.

సందేహాలరావు:

పాతపేపర్ గారూ, ఒక చిన్న డౌటు. జర్మనీలో పార్టీ జాబితా పెట్టి సీట్లు ఇస్తారు కదా? 14 సార్లు జాబితాలో పేరు పెట్టించుకోవడం, జనంలో 14 సార్లు గెలవడం ఒకటి కాదుగా.

రైన్‌పక్కన:

రావు గారూ, అక్కడ ఓటరుకి రెండు ఓట్లు. మొదటిది నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. ఏ పార్టీకి మొత్తం ఎన్ని సీట్లు రావాలో తేల్చేది రెండో ఓటు. షాయ్‌బ్లె ప్రతిసారీ మొదటి ఓటుతోనే గెలిచాడు, అంటే మన పద్ధతిలో గెలిచినట్టే.

నేను ఉండేది కార్ల్స్‌రూహ. బాజెల్ వైపు రైలెక్కితే దారిలోనే ఓఫెన్‌బుర్గ్. చుట్టూ ద్రాక్ష తోటలు, వెనక కొండలు, రైను నది దాటితే ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్. ఆయన చాలాకాలం కాపురమున్న గెంగెన్‌బాహ్ అక్కడికి దగ్గరే. చిన్న ఊరు. డిసెంబరు వస్తే టౌన్ హాలు 24 కిటికీలను క్రిస్మస్ క్యాలెండర్‌లా రోజుకొకటి తెరుస్తారు, చూడ్డానికి బస్సుల్లో వస్తారు జనం. కాథలిక్కులు ఎక్కువ, సంప్రదాయం ఎక్కువ. ఈయన మాత్రం ప్రొటెస్టెంట్.

ఇంకోటి, ఎవరైనా ఈయన్ని 'స్వాబియన్ పొదుపరి' అని రాస్తే ఇక్కడి వాళ్లకి ఒళ్లు మండుతుంది. స్వాబియా పక్క ప్రాంతం, ఈయన బాడెన్ మనిషి. కర్నూలు వాణ్ని పట్టుకుని "మీ కోనసీమలో" అన్నట్టుంటుంది.

నల్లమల:

అన్నా, సంప్రదాయం ఎక్కువ అని నువ్వే అంటివి. అసొంటి సీట్ల సీడీయూ టికెట్ దొరికితే 14 సార్లేంది, 20 సార్లయినా గెలుస్తరు. ఇండ్ల గొప్పేముంది?

గొప్పంటే మా జైపాల్ రెడ్డి సారుది. ఆయన పుట్టింది గూడ 1942లనే. చిన్నప్పుడే పోలియో, చంకల కర్రలతోనే నడిచిండు. కల్వకుర్తిల నాలుగుసార్లు ఎమ్మెల్యే. ఎమర్జెన్సీ నచ్చక కాంగ్రెస్‌నిడిచి, 1980ల మెదక్‌ల ఇందిరా గాంధీ మీదనే నిలవడ్డడు. ఓడిండు, అయినా నిలవడ్డడు. షాయ్‌బ్లె జీవితంల ఒక్కసారన్న అసొంటి చోట నిలవడ్డడా?

పాతపేపర్:

నల్లమల, పోలిక బాగుంది. జైపాల్ రెడ్డి గారు పార్టీ మారి మళ్లీ 1999లో వెనక్కొచ్చారు. షాయ్‌బ్లె పార్టీ గడప దాటలేదు, పార్టీ తనని గెంటినంత పని చేసినప్పుడు కూడా. సేఫ్ సీటు అన్నది నిజమే, కాదనను. కానీ సేఫ్ సీటు ఉన్నవాళ్లు బుండెస్టాగ్‌లో వందల మంది. వాళ్లలో 1990 వేసవిలో ఈయన చేసిన పని చేసినవాడు ఇంకొకడు లేడు. అదేంటో చెప్తాను.

బెర్లిన్ గోడ పడింది 1989 నవంబరులో. అప్పటికి ఈయన హోం మంత్రి. అంతకుముందు కోల్ ఆఫీసు అధిపతిగా తూర్పు జర్మనీ వాళ్లతో బేరాలాడి అలవాటున్నవాడు. 1987లో తూర్పు జర్మనీ అధినేత హోనెకర్ పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌కి వచ్చిన పర్యటన ఏర్పాట్లు కూడా ఈయన చేతుల మీదుగానే నడిచాయి. రెండు దేశాల్ని కలిపే ఒప్పందం రాసే పని కోల్ ఈయనకే అప్పజెప్పాడు. అవతలి పక్కన, తూర్పు జర్మనీ తరఫున, గుంటర్ క్రావుజె. జులై 6న కూర్చున్నారు, ఆగస్టు 31న సంతకాలు. ఎనిమిది వారాలు! ఒప్పందంలో 45 అధికరణలు, వాటి వెనక వందల పేజీల అనుబంధాలు. నలభై ఏళ్ల సోషలిస్టు దేశంలో ఏ చట్టం ఉంటుంది, ఏది పోతుంది, జప్తు చేసిన భూములు ఎవరికి, డిగ్రీలు చెల్లుతాయా లేదా, అబార్షన్ చట్టం ఎటు, అన్నీ అందులోనే. పన్నుల ఆఫీసులో కూర్చుని ఫైళ్లు చదివిన మనిషి కాబట్టే నడిచిందని నా అభిప్రాయం. ఉపన్యాసాలు దంచే నాయకులకి అంత ఓపిక ఉండదు.

అక్టోబరు 3న దేశం ఒకటైంది. తొమ్మిది రోజులకి, అక్టోబరు 12 రాత్రి, తన నియోజకవర్గంలోని ఓప్పెనావ్ అనే చిన్న ఊళ్లో ఎన్నికల సభ. సభ జరిగింది బీరు తయారుచేసే చోట ఉన్న హోటల్లో. సభ ముగించుకుని బయటికి వస్తుంటే మానసిక వ్యాధి ఉన్న ఒక వ్యక్తి దగ్గర నుంచి కాల్చాడు. ఒక తూటా దవడకి, ఒకటి వెన్నుపూసకి. మూడోది అడ్డుపడ్డ అంగరక్షకుడికి. ఆ ఏప్రిల్‌లోనే సోషల్ డెమోక్రాట్ నాయకుడు లాఫోంటేన్‌ని కొలోన్ సభలో ఒకావిడ కత్తితో పొడిచింది. ఒకే ఏడాది రెండు దాడులు. లాఫోంటేన్ లేచి తిరిగాడు. ఈయన లేవలేదు. అప్పటికి 48 ఏళ్లు. మిగతా 33 ఏళ్లూ చక్రాల కుర్చీలోనే.

ఆస్పత్రి నుంచి కొన్ని వారాల్లోనే పనిలోకి వచ్చేశాడు. డిసెంబరు 2 ఎన్నికల్లో మళ్లీ గెలిచాడు. సానుభూతి ఓటు అంటావేమో నల్లమలా, ఆ సీటుకి ఆ అవసరం లేదని నువ్వే చెప్పావుగా.

సందేహాలరావు:

రాజధాని బాన్ నుంచి బెర్లిన్‌కి మారడంలో కూడా ఈయన పాత్ర ఉందని చదివాను. నిజమేనా, లేక చనిపోయాక కట్టిన కథా?

పాతపేపర్:

నిజమే. 1991 జూన్ 20. బాన్‌లో పాత నీటి పంపింగ్ కేంద్రం భవనంలో సభ నడుస్తున్న రోజులు. పొద్దుట్నుంచి రాత్రి దాకా చర్చ, వంద మందికి పైగా మాట్లాడారు. పార్టీ విప్ లేదు, ఎవరి మనస్సాక్షి వాళ్లది. పశ్చిమాన ఉన్న ఎంపీలకి, ఉద్యోగులకి బాన్‌లో ఇళ్లున్నాయి, పిల్లల బళ్లున్నాయి. ఓటు బాన్ వైపే పోతుందని చాలామంది లెక్క. చక్రాల కుర్చీలో వచ్చి షాయ్‌బ్లె మాట్లాడాడు. రెండు ఊళ్ల మధ్య పోటీ కాదిది, రెండు ముక్కలూ కలవాలా వద్దా అన్న ప్రశ్న అన్నాడు. ముగించగానే ప్రత్యర్థి పార్టీ పెద్దమనిషి విలీ బ్రాంట్ లేచి వచ్చి చెయ్యి కలిపాడు. రాత్రి ఫలితం: బెర్లిన్ 338, బాన్ 320. తేడా 18. ఆయన ప్రసంగం ఎన్ని ఓట్లు తిప్పిందో ఎవరూ తూకం వేయలేరు గానీ, అక్కడున్నవాళ్లు మాత్రం మలుపు అక్కడే అంటారు.

నల్లమల:

మంచిగ చెప్పినవన్నా. ఇగ లక్ష మార్కుల (యూరోకు ముందటి జర్మనీ పైసల) సంగతి గూడ చెప్పు. దాని మీదకెల్లి దునికి పోతవని నాకనుమానం.

పాతపేపర్:

పోను. వరసలో చెప్తాను.

1991 నుంచి పార్లమెంటరీ పార్టీ నాయకుడు. 1997 అక్టోబరులో లైప్‌చిగ్ పార్టీ మహాసభ అయిపోగానే కోల్ టీవీలో చెప్పేశాడు, నా తర్వాత షాయ్‌బ్లె రావాలని నా కోరిక అని. తర్వాత అంటే ఎప్పుడో చెప్పలేదు! 1998లో మళ్లీ తనే నిలబడ్డాడు. పదహారేళ్లు చూసిన మొహం జనానికి మొహం మొత్తింది, సోషల్ డెమోక్రాట్ ష్రోడర్ గెలిచాడు. అప్పుడు పార్టీ అధ్యక్ష పదవి షాయ్‌బ్లె చేతికొచ్చింది. ఇల్లు కాలాక తాళాలిచ్చినట్టు. ప్రధాన కార్యదర్శిగా ఆయన ఎంచుకున్న మనిషి అంగేలా మెర్కెల్.

1999 చివర్లో పార్టీ రహస్య ఖాతాలు బయటపడ్డాయి. కోల్ దాదాపు ఇరవై లక్షల మార్కుల విరాళాలు లెక్కల్లో చూపకుండా తీసుకున్నానని ఒప్పుకుని, ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం చెప్పనన్నాడు. మాటిచ్చానన్నాడు. డిసెంబరు 2న బుండెస్టాగ్‌లో షాయ్‌బ్లె మాట్లాడుతూ, ఆయుధాల దళారీ కార్ల్‌హైన్స్ ష్రైబర్‌ని ఒక కార్యక్రమంలో కలిశానన్నాడు. గ్రీన్ పార్టీ ఎంపీ ష్ట్రోబెలె కూర్చున్నచోటి నుంచే కేకేశాడు, సూట్‌కేసుతోనా, లేకుండానా అని. సూట్‌కేసు లేకుండా అని ఈయన జవాబు. తర్వాతి నెలే టీవీలో ఒప్పుకోవాల్సి వచ్చింది: 1994లో ష్రైబర్ నుంచి లక్ష మార్కులు నగదుగా తీసుకున్నానని, పార్టీకి అప్పజెప్పానని. ఆ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందన్న దాని మీద పార్టీ కోశాధికారిణి ఒక కథ, ఈయన ఒక కథ. రెండూ చివరి దాకా కలవలేదు. 2000 ఫిబ్రవరిలో రెండు పదవుల నుంచీ తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. పార్లమెంటరీ పార్టీ మెర్ట్స్‌కి, పార్టీ మెర్కెల్‌కి పోయాయి.

సభలో అబద్ధం చెప్పాడా అంటే, అడిగింది ఒకటి, చెప్పింది దాని అంచు పట్టుకుని ఇంకొకటి. లాయరు బుద్ధి. నా దృష్టిలో అబద్ధానికి అదేమీ తక్కువ కాదు.

నల్లమల:

ఇగ చాలు. చెప్పేవి శ్రీరంగ నీతులు. పదేండ్ల తర్వాత గ్రీసోళ్లకు లెక్కలు సక్కగ రాయుండ్రని పాఠం చెప్పింది ఈ సారే గదా?

రైన్‌పక్కన:

ఈ ప్రశ్న జర్మనీలోనే అడిగారు, అదీ మెర్కెల్ మొహం మీద. 2009 అక్టోబరులో షాయ్‌బ్లెని ఆర్థిక మంత్రిగా ప్రకటించిన ప్రెస్ మీట్‌లో ఒక డచ్ విలేకరి లేచి, లక్ష మార్కులు డ్రాయర్లో పెట్టి మర్చిపోయిన మనిషికి దేశం ఖజానా ఎలా అప్పజెప్తారని అడిగాడు. మెర్కెల్ ఇచ్చిన జవాబు ఒక్క ముక్క, ఆయన మీద నాకు నమ్మకముంది కాబట్టి. విలేకరి వదల్లేదు, మళ్లీ అడిగాడు. ఆవిడ మళ్లీ అదే. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది.

కోడ్‌బాబు:

అందరూ 2005 నుంచి 2009 దాకా దూకేస్తున్నారు. మా ఫీల్డు వాళ్లకి షాయ్‌బ్లె అంటే ఆ నాలుగేళ్లే.

రెండోసారి హోం మంత్రి. ఫోన్ డేటా నెలల తరబడి దాచాలి, అనుమానితుల కంప్యూటర్లోకి పోలీసులు గుట్టుగా దూరాలి, పాస్‌పోర్టులో వేలిముద్రలు ఉండాలి. ఇదంతా ఉగ్రవాదం పేరు మీద. హైజాక్ అయిన ప్రయాణికుల విమానాన్ని కూల్చొచ్చన్న చట్టం అంతకుముందు ప్రభుత్వంలో వచ్చింది. 2006 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది, కొందరి ప్రాణాల కోసం ఇంకొందరి ప్రాణాల్ని లెక్కలో వేయడానికి వీల్లేదని. ఈయన రాజ్యాంగం మార్చైనా తెద్దామన్నాడు. వీధుల్లో ఈయన బొమ్మ వేసి 'ష్టాజీ 2.0' అని టీషర్టులు. ష్టాజీ అంటే తూర్పు జర్మనీ నిఘా పోలీసులు. ఆ దేశాన్ని కలిపిన మనిషికే ఆ పేరు పెట్టారు.

నాకు నచ్చిన కథ 2008ది. ఒక చర్చా కార్యక్రమంలో ఈయన నీళ్లు తాగిన గ్లాసుని ఎవరో పట్టుకెళ్లారు. దాని మీది వేలిముద్ర తీసి, కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వాళ్లు తమ పత్రికలో అచ్చేశారు. అచ్చేసి ఊరుకోలేదు, వేలికి అంటించుకునే పల్చటి పొర తయారుచేసి పత్రికతో పాటు పంచారు. హోం మంత్రి వేలు వేలమంది పాఠకుల చేతుల్లో! పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం కదా అన్నది వాళ్ల పాయింటు. రేషన్ షాపులో వేలిముద్ర పడక వెనక్కి తిరిగిన మన ముసలివాళ్లని చూసినవాళ్లకి ఇది వేరే కోణంలో అర్థమవుతుంది, కానీ అది వేరే థ్రెడ్.

లెక్కలటీచర్:

కోడ్‌బాబూ, ఆ నాలుగేళ్లలోనే ఇంకో పనీ చేశాడు, మర్చిపోకు. 2006లో జర్మన్ ఇస్లాం సదస్సు పెట్టాడు. ప్రభుత్వం, ముస్లిం సంఘాల వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు. ఇస్లాం జర్మనీలో భాగం అని పార్లమెంటులో అన్నాడు. అదే మాట నాలుగేళ్ల తర్వాత అధ్యక్షుడు వుల్ఫ్ అంటే సొంత పార్టీలోనే రభస అయింది. నిఘా విషయంలో పిడివాది, ఇక్కడ మాత్రం తన పార్టీకంటే ముందున్నాడు. మనిషిని ఒక గంపలో వేయడం కష్టం.

ఇక నా సబ్జెక్టు. 2014లో జర్మనీ కేంద్ర బడ్జెట్ కొత్త అప్పు లేకుండా ముగిసింది, 1969 తర్వాత అదే తొలిసారి. దాన్ని 'నల్ల సున్నా' అంటారు. 2019 దాకా నడిచింది, ఈయన దిగిపోయాక కూడా. 2017 అక్టోబరులో మంత్రిత్వ శాఖ వదిలి వెళ్లేరోజు ఉద్యోగులంతా నల్ల బట్టలేసుకుని ఆవరణలో సున్నా ఆకారంలో నిలబడి వీడ్కోలిచ్చారు. పైనుంచి తీసిన ఫొటో ఉంది.

అప్పు చేసి పప్పు కూడు తినకూడదని పెరిగిన నాకు మొదట్లో ఇది తెగ నచ్చేది. కాస్త లోపలికి వెళ్లి చూస్తే అంత ముచ్చటగా లేదు. ఆ ఏళ్లలో యూరో సంక్షోభం వల్లే జర్మన్ బాండ్లకి గిరాకీ పెరిగి వడ్డీ నేలకి దిగింది. అప్పు దాదాపు ఊరికే దొరుకుతున్న కాలంలో అప్పే వద్దనడం పొదుపా, మొండితనమా?

రైన్‌పక్కన:

మొండితనమే మాస్టారూ. దాని బిల్లు ఇక్కడున్నవాళ్లం కడుతున్నాం. ఏ45 హైవే మీద రామెడె వంతెన పాడైపోయి 2021 డిసెంబరులో మూసేశారు, 2023 మేలో పేల్చి పడగొట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊళ్ల మీదుగా లారీలు తిరిగాయి. రైళ్ల సంగతి ఎవర్నడిగినా చెప్తారు. నేను ఎక్కిన రైలు టైముకి వస్తే ఇంటికి ఫోన్ చేసి చెప్తాను.

లెక్కలటీచర్:

వంతెనలన్నీ ఆయన నెత్తిన వేయడం అన్యాయం. రోడ్లకి కేటాయించిన డబ్బు కూడా ప్లానింగ్ చేసే ఇంజినీర్లు లేక ఖర్చు కాని ఏళ్లున్నాయి. అప్పు కట్టడి నిబంధన (ప్రభుత్వం చేసే కొత్త అప్పుకి పరిమితి) రాజ్యాంగంలోకి ఎక్కింది 2009లో, అప్పటి ఆర్థిక మంత్రి సోషల్ డెమోక్రాట్ ష్టైన్‌బ్రూక్. షాయ్‌బ్లె దాన్ని పాటించడమే కాదు, దానికంటే బిగించాడు. అక్కడే నా తకరారు.

గ్రీసు విషయంలో మాత్రం నల్లమలతో సగం ఏకీభవిస్తాను. 2010లో అప్పుల్లో మునిగిన గ్రీసుకి ఇచ్చిన తొలి రుణం 110 బిలియన్ యూరోలు. షరతులు: పింఛన్లు కొయ్యి, జీతాలు కొయ్యి, పన్నులు పెంచు. ఆ సంక్షోభ కాలంలో గ్రీసు ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుంచించుకుపోయింది. ఏ బడి లెక్కలో అయినా, ఆదాయం అంత పడిపోతే అప్పు నిష్పత్తి తగ్గదు, పెరుగుతుంది. ఇది షాయ్‌బ్లెకి తెలియదనుకోను. ఆయన భయం వేరు. గ్రీసుని వదిలేస్తే రేపు ఇటలీ, ఎల్లుండి ఇంకొకరు అదే దారి పడతారని.

2015 ఫిబ్రవరిలో గ్రీసు కొత్త ఆర్థిక మంత్రి వరుఫాకిస్ బెర్లిన్ వచ్చాడు. మీటింగ్ అయ్యాక షాయ్‌బ్లె, మేం ఏకీభవించలేమని ఏకీభవించాం అన్నాడు. పక్కనే కూర్చున్న వరుఫాకిస్, నాకు తెలిసి అదీ జరగలేదన్నాడు. జులై 5న గ్రీసు ఓటర్లు 61 శాతం మంది షరతులు వద్దన్నారు. ఆ వారమే షాయ్‌బ్లె శాఖ ఒక కాగితం తయారు చేసింది: 50 బిలియన్ యూరోల ఆస్తులు ఒక నిధికి బదిలీ చేయండి, కాదంటే ఐదేళ్లు యూరో నుంచి పక్కకి జరగండి. పదిహేడు గంటలు కూర్చుని 13వ తేదీ పొద్దున నాయకులు రాజీకొచ్చారు. గ్రీసు మిగిలింది. మెర్కెల్ ఈయన మాట పూర్తిగా వినలేదు.

రైన్‌పక్కన:

'ఇష్ ఓవర్' మర్చిపోయారు మాస్టారూ! ఆ ఫిబ్రవరిలోనే, పాత ప్యాకేజీ గడువు దాటితే ఏమవుతుందని అడిగితే, 28వ తేదీ రాత్రి పన్నెండింటికి "ఇష్ ఓవర్" అన్నాడు. సగం బాడెన్ యాస, సగం ఇంగ్లీషు. ఏథెన్స్‌లో ఆయన బొమ్మకి నాజీ యూనిఫాం తొడిగి పోస్టర్లు అంటిస్తుంటే, ఇక్కడ ఆ రెండు మాటలతో టీషర్టులు అమ్ముడుపోయాయి.

2012లో ఇంకోటి. గ్రీసు రెండో ప్యాకేజీ మీద బుండెస్టాగ్‌లో చర్చ నడుస్తుంటే ఈయన ట్యాబ్‌లో సుడోకు ఆడుతూ టీవీ కెమెరాకి చిక్కాడు. అవతల ఒక దేశం బతుకు మీద ఓటింగ్!

నల్లమల:

సుడోకు గూడ అంకెలే గదన్నా, శాఖా పనే చేస్తుండనుకో.

సందేహాలరావు:

ఆరోగ్యం అంత దెబ్బతిన్న మనిషి ఆ రాత్రింబవళ్లు మీటింగులు ఎలా నెట్టుకొచ్చాడు? మా ఇంట్లో చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లున్నారు, నాలుగు గంటలు ఒకే భంగిమలో కూర్చుంటే ఒళ్లు పుండవుతుంది.

పాతపేపర్:

రావు గారూ, అసలు బాధ అదే. 2010 మే 9న బ్రసెల్స్‌లో యూరో రక్షణ నిధి మీద అత్యవసర సమావేశం. అక్కడికి చేరగానే మందులు పడక ఆస్పత్రిపాలయ్యాడు. జర్మనీ కుర్చీ ఖాళీగా ఉండకూడదని హోం మంత్రి డె మెజియేర్‌ని హడావిడిగా పంపించారు. ఆ ఏడాదంతా మానని పుండ్లు, ఆపరేషన్, వారాల తరబడి ఆస్పత్రి. మెర్కెల్‌కి రాజీనామా ఇస్తానన్నాడు, ఆవిడ తీసుకోలేదు. మీరు బాగయ్యేదాకా టైము తీసుకోండి అంది.

ఆ నవంబరులోనే ఆయన మొహంలోని రెండో పక్క లోకం చూసింది. పన్ను వసూళ్ల అంచనా మీద ప్రెస్ మీట్. కాగితాలు ముందుగా విలేకరులకి పంచలేదని, కెమెరాల ముందే తన అధికార ప్రతినిధిని చీల్చి చెండాడాడు. అవి పంచేదాకా ప్రెస్ మీట్ మొదలుపెట్టనని లేచి వెళ్లాడు. ఆ మనిషి కొన్ని రోజులకి రాజీనామా చేశాడు. నొప్పితో ఉన్నాడు అని సర్దిచెప్పేవాళ్లున్నారు. నేను సర్దిచెప్పను. కింద పనిచేసేవాణ్ని నలుగురిలో అవమానించడానికి ఏ నొప్పీ లైసెన్సు కాదు. మా న్యూస్‌రూముల్లోనూ అలాంటి ఎడిటర్లని చూశాను.

కోడ్‌బాబు:

2017 నుంచి స్పీకర్‌గా బాగానే చేశాడని ఒప్పుకుంటాను. తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ తొలిసారి తొంభై మందికి పైగా సభలోకి వచ్చింది. గదమాయిస్తే వినని గుంపు, గదమాయించకపోతే ఆగని గుంపు. ఆ కుర్చీలో ఎవరైనా కొత్తవాడుంటే నలిగిపోయేవాడు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ ఊపు మీదున్నప్పుడు, ప్రాణం కాపాడటం ముందు మిగతావన్నీ వెనక్కి తగ్గాలనడం ఆ రూపంలో సరి కాదు అన్నాడు. రాజ్యాంగంలో అన్నిటికంటే పైనున్న విలువ ఏదైనా ఉంటే అది మనిషి గౌరవం, అది కూడా మనల్ని చావు నుంచి కాపాడదు అన్నాడు. 77 ఏళ్లవాడు, పక్కాగా రిస్కు గ్రూపువాడు అనడం వల్ల చెల్లింది. ఇంకెవరైనా అంటే చీల్చేసేవాళ్లు. విమానం కేసులో కోర్టు చెప్పిన మనిషి గౌరవం మాటని కొట్టిపారేయబోయిన హోం మంత్రి, పద్నాలుగేళ్లకి అదే మాట పట్టుకుని వాదించాడు. నాకు ఆయన కెరీర్‌లో ఆసక్తి కలిగించేది ఇదే.

లెక్కలటీచర్:

మెర్ట్స్ దగ్గర మొదలైన థ్రెడ్ కదా, అక్కడికి వద్దాం. 2018 డిసెంబరులో మెర్కెల్ పార్టీ అధ్యక్ష పదవి వదిలినప్పుడు షాయ్‌బ్లె బాహాటంగా మెర్ట్స్ వైపు నిలిచాడు. మెర్ట్స్ ఓడాడు. 2021లో మళ్లీ ఓడాడు. మూడోసారికి పార్టీ చేతికొచ్చింది. 2025 మేలో చాన్సలర్ అయ్యాడు, అదీ రెండో విడత ఓటింగులో. అది చూడ్డానికి గురువు లేడు.

గురువు లేకపోవడమే మంచిదయిందేమో. శిష్యుడు కుర్చీ ఎక్కకముందే, మార్చిలో, సోషల్ డెమోక్రాట్లు, గ్రీన్‌లతో కలిసి రాజ్యాంగం సవరించాడు. రక్షణ ఖర్చుకి అప్పు కట్టడి సడలింపు, రోడ్లు, రైళ్ల లాంటి వాటికి 500 బిలియన్ యూరోల అప్పు నిధి. ఎన్నికల ప్రచారంలో అప్పు కట్టడి ముట్టుకోనన్న మనిషి!

నల్లమల:

అంటే ఆ నల్ల సున్నా పక్కన ఇప్పుడు గన్ని సున్నాలు పెట్టిన్రన్నమాట.

సందేహాలరావు:

పాతపేపర్ గారూ, మొదట్లో మూడుసార్లు దారి మూసుకుపోయిందన్నారు. కోల్ సంగతి చెప్పారు, లక్ష మార్కులు చెప్పారు. మెర్కెల్ మూసిన దారి ఏదో చెప్పనే లేదు. ఆవిడే మంత్రిని చేసి, రాజీనామా కూడా తీసుకోలేదు కదా?

పాతపేపర్:

2004. దేశాధ్యక్ష పదవి ఖాళీ అవుతోంది. సీడీయూలో సగం మంది మనసులో షాయ్‌బ్లె పేరే. గెలవాలంటే ఫ్రీ డెమోక్రాట్ల ఓట్లు కావాలి, వాళ్లు ఈయన వద్దన్నారు. మెర్కెల్ పట్టుబట్టలేదు. ఐఎంఎఫ్ అధిపతిగా ఉన్న హోర్స్ట్ కోహ్లర్‌ని తెచ్చి నిలబెట్టింది. జర్మనీలో చాలామందికి ఆయన పేరే తెలియదు అప్పటికి. ఒకప్పుడు తను ప్రధాన కార్యదర్శిని చేసిన మనిషి తనని అలా పక్కన పెట్టడం షాయ్‌బ్లెకి ఎంత గుచ్చుకుందో ఊహించుకోవచ్చు.

మర్నాడు అలిగి వెళ్లిపోలేదు. 2005లో ఆవిడ పిలిస్తే మంత్రివర్గంలో చేరాడు, పన్నెండేళ్లు ఆవిడ కింద పనిచేశాడు. 2015 శరత్కాలంలో శరణార్థుల రాకతో పార్టీ అట్టుడికిపోయింది. ఆవిడ మీద కోపంతో ఉన్న ఎంపీలు ఈయన వైపు చూశారు, నువ్వు ఊ అంటే చాలు అన్నట్టు. అజాగ్రత్తగా జారిన ఒక్క స్కీయర్ చాలు హిమపాతం దొర్లడానికి అని నవంబరులో ఒక సభలో అన్నాడు. ఎవర్ని అన్నాడో దేశమంతటికీ అర్థమైంది. అంతవరకే. దించే ప్రయత్నానికి మాత్రం చెయ్యి కలపలేదు.

నల్లమల:

చెయ్యి కలపలేదా, ధైర్యం చాలలేదా? 73 ఏండ్లకు ఇంక చాన్సలర్ గిరీ ఎందుకని గూడ అనుకోవచ్చు. నువ్వు దీన్ని విధేయత అంటవు, నేను లెక్క అంట. గంతే.

పాతపేపర్:

రెండూ అయ్యుండొచ్చు. పన్నుల ఆఫీసు మనిషి కదా.